మరమేకు కరీమున్

ఆ పేరు తల్లి పెట్టింది కాదు, తండ్రి పెట్టింది కాదు. ఊరు పెట్టింది. ఎవరైనా కింద పడ్డప్పుడు ఊరికి పేర్లు చటుక్కున తోస్తాయి. పడ్డవాళ్లు లేచి నిలబడ్డప్పుడు మాత్రం ఊరికి నోరు పెగలదు.

చిలకలూరిపేటకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో దూదేకుల ఇళ్లు ఏడు. వాటిలో చివరిది బుడాన్‌ది. బుడాన్ మెత్తని మనిషి. ముప్పై ఏళ్లు దూది ఏకి ఏకి గొంతు కూడా దూదిలాగే అయింది, ఏం మాట్లాడినా చప్పుడు రాదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. ఊళ్లో మొత్తనివాళ్లు తక్కువ. ఆ మొత్తుళ్లన్నిటికీ అడ్డం నిలబడేది అతని భార్య కరీమున్. ఏకిన దూదిని గుడ్డలో కూరి, మూరెడు సూదితో పరుపులు కుట్టేది ఆమే. పొడుగు మనిషి, నల్లటి మనిషి, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి. ఊరు క్షమించనిది ఆ మూడోదాన్నే.

ఒకప్పుడు బుడాన్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధిలో నడిస్తే, దాని నారి టింగుమంటే, ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి పిలిచేవాళ్లు. పేటలో పత్తి మరలు పెరిగాక ఆ పిలుపులు తగ్గాయి. మర గింజ తీసింది, మర దూది ఏకింది, ఆఖరికి జొన్నలు విసరడానికి కూడా మరే వచ్చింది. మర అనే మాట ఆ ఇంట్లో తిట్టు కింద లెక్క. మిగిలింది పెళ్లిళ్ల పరుపులు. రైతులు సొంత పత్తి తెచ్చి ఇస్తే, ఏకి, కుట్టి ఇవ్వడం. పదిమంది పత్తి నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. పత్తి ఉన్న ఇంటికి తాటాకు కప్పంటే పక్కలో నిప్పు పెట్టుకుని పడుకోవడమే. అందుకని కరీమున్ పట్టుబట్టి, 1958లో వానలు తగ్గగానే ఒక గది, ముందొక పంచ, రాతిగోడలు, పైన నాపరాళ్లతో కొత్త ఇల్లు లేపింది. పిడుగురాళ్ల నుంచి బండెడు సున్నం తెప్పించి తన చేత్తోనే నూరింది. అంతా అయింది. తలుపు దగ్గర ఆగింది.

ఊరి వడ్రంగి పేరయ్యాచారి. ఆయన ద్వారబంధం నిలబెట్టాడు. గడపకు పసుపు రాయించాడు, కొబ్బరికాయ కొట్టించుకున్నాడు. ఒంటిరెక్క తలుపు చేశాడు. దాన్ని గోడకు ఆనించి, "రేపొచ్చి బిగిస్తా" అని వెళ్లాడు. ఆ రేపు రెండు నెలలైనా రాలేదు. ఈ పనికి ప్రతిఫలం ఆయన ముందే తీసుకున్నాడు, కూతురి కాపురానికి నిండా దూది కూరిన పెద్ద పరుపు. కరీమున్ దాన్ని వారం రోజుల్లో కుట్టి, నెత్తిన పెట్టుకుని వెళ్లి ఆయన ఇంట్లో వేసి వచ్చింది.

గుమ్మానికి చాప వేలాడదీసి, కరీమున్ రోజు విడిచి రోజు పేరయ్య ఇంటికి తిరిగింది. ఆఖరిసారి ఆయన దాపరికం లేకుండా చెప్పేశాడు.

"కరీమూ, నీకు మేర ఉందా?"

మేర అంటే కళ్లం నూర్చగానే రైతు వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి కొలిచిపెట్టే గింజలు. ఏడాదికోసారి ఆ గింజలు కొలిచిన ఇంటికి ఏడాది పొడుగునా పని చెయ్యాలి. భూమి లేనివాడికి కళ్లం లేదు, కళ్లం లేనివాడికి మేర లేదు.

"నాకు మేర ఎక్కణ్ణించి వస్తుంది పేరయ్యగారూ?"

"మరి అదే చెప్పేది. మేర కొలిచేవాళ్ల నాగలి పక్కన పడేసి నీ తలుపు పట్టుకు కూచుంటే నన్ను కళ్లంలోకి రానిస్తారా? తీరికుంటే వస్తా."

"మీ అమ్మాయికి పరుపు కుట్టేటప్పుడు మేం తీరిక చూసుకున్నామా?"

"అది వేరు, ఇది వేరు."

ఏది వేరో ఆయన చెప్పలేదు. ఇంకో ఊరి వడ్రంగిని పిలుద్దామంటే, ఒకరి ఊళ్లో ఇంకొకరు ఉలి పట్టకూడదని వాళ్లలో వాళ్లకు కట్టుబాటు. కట్టుబాట్లన్నీ ఉన్నవాడు ఇంకాస్త సుఖంగా ఉండడానికే పుట్టినట్టున్నాయి. లేనివాడి తలుపు కోసం ఒక్క కట్టుబాటూ పుట్టలేదు.

ఇంతలో వెంకటనారాయణగారి కొడుక్కి పెళ్లి కుదిరింది. ఆయన ఊళ్లో పెద్ద రైతు. రెండు పరుపులు, ఆరు తలగడలు అవసరమని తెలిసి కరీమున్ ఆయన భార్య వెంకటరావమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ పని దొరికితే శీతాకాలం గడుస్తుంది. దొరక్కపోతే బుడాన్ దగ్గుతూ మిరపచేలల్లోకి కూలికి పోవాలి. ఆ ఘాటుకు అతను వారం రోజులు నిలబడడు. అది ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

వెంకటరావమ్మ పెదవి విరిచింది. "తలుపు లేదంటగా నీ కొంపకి? మా పత్తి అందులో ఎట్టా పెడతామే? రేపు పోతే ఎవర్ని అడగాలి?"

అదే వాకిట్లో, పది అడుగుల దూరంలో, పేరయ్య బాడిసతో బండి ఇరుసు చెక్కుతున్నాడు. కరీమున్ అటు వేలు చూపించింది. "ఆయన్ని ఒక్క పూట వదలండమ్మగారూ. తలుపు బిగుస్తుంది."

"భలేదానివే! మా మేర తింటా నీ తలుపు బిగిస్తాడా? మా బండి కానీ ముందు."

తలుపు లేదని పత్తి ఇవ్వరు, తలుపు బిగించేవాణ్ణి వదలరు. పేరయ్య తల ఎత్తలేదు. బాడిస దెబ్బలు మాత్రం కాస్త గట్టిగా వేశాడు.

కరీమున్ ఇంటికొచ్చి కొంగు బిగించింది. "ఏమయ్యా, నేను పేటకి పోతున్నా. సుత్తి, రంపం మనమే కొనుక్కుందాం. కొత్త ఇంటికి చాట, చీపురు, రోలు అమర్చుకోలా? ఇదీ అంతే."

"ఇయ్యాళ శనివారమే," అన్నాడు బుడాన్ మెల్లగా. "ఇనుము ఇంటికి తేకూడదు."

"పేరయ్య రెండు నెలల్నించి రాకపోవడం ఏ వారం దోషమో చెప్పు, దానికి శాంతి చేయించి రేపు పోతా."

బుడాన్ లేచి, దాచుకున్న డబ్బుల మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

పేటలో పత్తి మర దగ్గర ఆమె చిన్నాన్న కొడుకు గౌస్ బాషా ఫిట్టరు. పంట రోజులు, మర రాత్రింబగళ్లు ఆడుతోంది, అతనికి ఊరికి వచ్చే వీల్లేదు. గేటు దగ్గర నిలబడి సిగరెట్టు పెట్టె చించి, దాని మీద పేర్లు రాసిచ్చాడు. నూనె డబ్బాలు వచ్చిన ఖాళీ చెక్కపెట్టె ఒకటి తెచ్చి, "ఇందులో పెట్టుకో అక్కా, ఇంటికి ఇయ్యన్నీ ఉంటే ఒకడి కాళ్లు పట్టుకునే పనుండదు" అన్నాడు. దేన్ని ఎలా వాడాలో చెప్పబోయేసరికి మర కూత కూసింది. మర మనిషిని మాట పూర్తి చేయనివ్వదు. లోపలికి పరిగెత్తాడు.

ఇనప సామాన్ల కొట్టు ఆసామి ఆ కాగితం చదివి, ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "ఎవరికమ్మా ఇయ్యన్నీ? మీ ఆయన వడ్రంగా?"

"కాదు. నాకే."

"ఉప్పు, పప్పు పక్క వీధిలో అమ్ముతారు," అన్నాడు గుమాస్తా. కొట్లో నలుగురూ నవ్వారు.

"ఉప్పు ఉంది మా ఇంట్లో. తిన్న విశ్వాసం కూడా ఉంది. సామాను చూపించు."

ముందు బండ సుత్తి ఇచ్చాడు. చేత్తో ఊపి చూసి, వద్దని చిన్నది తీసుకుంది. రంపం పళ్లు సూదిమొన చూసినట్టు బొటనవేలితో తడిమి, రెండు తిప్పికొట్టి మూడోది ఒప్పుకుంది. ఉలి, చిల్లులు పొడిచే బరమా, తీగలు తెంపే కటింగ్ ప్లేయరు, ఆకురాయి వచ్చాయి. తిరుపుళి అని ఒకటి ఇచ్చాడు. మొన ఉలిలాగే ఉంది గాని పదును లేదు.

"మడతబందులు ఇచ్చా. వాటికి మరమేకులు కావాలి," అన్నాడు ఆసామి.

"అంటే మరలో చేసినవా?"

"మరే! కమ్మరి కొలిమిలో చేసినవి కావు. సీమ సరుకు."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. మర పిండి, మర దూది, మరమేకు. కరీమున్‌కి అర్థమైంది అదే. మేకు మేకే, పుట్టింది మరలో. ఒంటికి చుట్టూ గాడి ఎందుకుందో, మరలో పుట్టినవాటికి అలా ఉంటుంది కాబోలు అనుకుంది.

ఆ సాయంత్రం పెట్టెకు మిగులు పరుపు గుడ్డతో లోపల అరలు కుట్టింది. ఇనుము ఇనుముతో కొట్టుకోకుండా ఒక్కో అరలో ఒక్కటి. బుడాన్ తిరుపుళిని అటూ ఇటూ తిప్పి, "మొద్దు ఉలి అంటగట్టాడే నీకు" అన్నాడు. పాపం, మంచి బుద్ధితోనే ఆకురాయి తీసుకుని కూచుని, దాన్ని చక్కగా పదును పెట్టాడు.

మర్నాడు బుడాన్ రెక్క పట్టుకుంటే కరీమున్ బందులు పెట్టి మరమేకులన్నిటినీ సుత్తితో కొట్టింది. మొండికేస్తే ఇంకా గట్టిగా కొట్టింది. పేరయ్య ముఖం తలుచుకుని కూడా కొన్ని దెబ్బలు వేసి ఉంటుంది. ద్వారబంధం ఒకచోట చిట్లిన చప్పుడైంది గాని తలుపు నిలబడింది. రెండు రోజులు నిలబడింది. ఆ రెండు రోజులూ ఆమె గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది.

మూడో రోజు పొద్దున బుడాన్ తలుపు తీస్తే పైబందు చెక్కపేడుతో సహా ఊడి, రెక్క మొత్తం వీధిలోకి ఒరిగి ధబ్బున పడింది. మిరప కోతకు పోతున్న ఆడవాళ్లు ఆగారు. బండి తోలుకుపోతున్నవాళ్లు ఆగారు. సరిగ్గా ఆ వేళకే పేరయ్య కూడా సంచీ చంకన పెట్టుకుని అటు వచ్చాడు. తలుపు బిగించడానికి దొరకని తీరిక తలుపు పడితే చూడ్డానికి దొరికింది. దుమ్ములోంచి ఒక మరమేకు ఏరి, రెండు వేళ్ల మధ్య పెట్టి అందరికీ చూపించాడు.

"చూశారా! మరమేకుల్ని సుత్తితో కొట్టిన మొగోళ్లని కూడా ఎరగను నేను. ఈవిడ కొట్టింది. మరమేకు కరీమున్!"

వీధి వీధంతా నవ్వింది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారంట!" అని ఎవరో అందుకున్నారు.

కరీమున్ నవ్వులు ఆగేదాకా నిలబడింది. "సరే, తప్పు కొట్టా. ఎట్టా కొట్టాలో చెప్పరాదూ?"

"కొట్టేది కాదు."

"మరి?"

"మరి అంటే మరే. మా తాత మా నాయనకి చెప్పాడు, మా నాయన నాకు చెప్పాడు. నీకెవరు చెప్తారు?"

ఆ మేకును దుమ్ములోకి విసిరి పేరయ్య వెళ్లిపోయాడు. తెలియకపోవడం తప్పు కాదు. ఆకలి ఎలా తప్పు కాదో ఇదీ అంతే. తెలిసినవాడు తెలిసినదాన్ని గుప్పిట్లో పెట్టుకుని నవ్వుతాడే, అది తప్పు. ఆ మాట ఆ వీధిలో ఒక్కరూ అనలేదు.

కరీమున్ మేకులన్నీ ఏరుకుంది. పెట్టె నెత్తిన పెట్టుకుని ఆ ఎండలో రెండు కోసులూ నడిచింది.

అన్నం వేళకు బయటికొచ్చిన గౌస్ బాషా పదునెక్కిన తిరుపుళిని చూసి కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. "దీనికి పదునెందుకు పెట్టారక్కా? గడ్డం గీసుకోడానికా?"

ఆమె నవ్వలేదు. "నవ్వేవాళ్లు మా ఊళ్లో ఉన్నార్రా. అందుకు ఇంత దూరం రాలా."

అతని నవ్వు ఆగిపోయింది. తిరుపుళి మొనను తిరిగి మొద్దుగా రాసిచ్చాడు. ఒక చెక్కముక్క తెచ్చి, బరమాతో చిన్న చిల్లు పొడిచి, మరమేకుకు బొట్టు నూనె రాసి, తల మీది గాట్లో తిరుపుళి పెట్టి తిప్పాడు. "మర అంటే ఈ చుట్టు అక్కా. దీనికి దెబ్బ పనికిరాదు. తిప్పితే తనే తోవ చేసుకుని లోపలికి పోద్ది."

"కదురు తిరిగినట్టు తిరుగుతోందే!" అంది కరీమున్. తిరుపుళి లాక్కుని తానే తిప్పింది. బిగించింది, ఊడదీసింది, మళ్లీ బిగించింది. పట్టుమని పావుగంట పట్టలేదు. ఈ పావుగంట మాటకేనా మూడు తరాల గుట్టు!

ఇంటికొచ్చి బందుల్ని చిట్లిన చోటుకు నాలుగు వేళ్లు కిందికి దించి బిగించారు. బుడాన్ రెక్క కింద భుజం పెట్టి నిలబడ్డాడు. ఆఖరి మేకు వెళ్లేసరికి కరీమున్ అరచేయి బొబ్బలెక్కి చిట్లింది. పాత పగులు కనబడకుండా, సున్నంలో ఏకిన దూది కలిపి మెత్తి, నున్నగా రుద్దింది. తలుపు చప్పుడు లేకుండా తిరిగింది.

వారం తిరక్కుండా వెంకటరావమ్మ స్వయంగా వచ్చింది. వెనక బండి, బండిలో రెండు పెద్ద గోనె బోరేల పత్తి, తోలేవాడు ఆదాం. తలుపును తోసి చూసి తల ఆడించింది.

"మా పేరయ్య చెయ్యి చెయ్యే. నిన్న అడిగితే 'అయిపోయిందిలేమ్మా ఆ పని' అన్నాడు. ఆయన బిగించాడంటే ఇంక దిగులు లేదు. ఆదాం, పత్తి దించు."

కరీమున్ నోరు తెరిచింది. బుడాన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోవే," అన్నాడు గుసగుసగా. "పత్తి దిగనీ. ఎవరు బిగిస్తే ఏం? తలుపు తలుపే."

పరుపు పోయింది. రెండు నెలలు పోయాయి. అరచేతి తోలు పోయింది. ఇప్పుడు చేసిన పని కూడా పేరయ్యకే పోవాలి.

"అమ్మగారూ, ఈ తలుపు నేను బిగించా."

వెంకటరావమ్మ నవ్వింది. "మరమేకులు సుత్తితో కొట్టిందానివి! ఊరంతా చెప్పుకున్నారే."

"కొట్టా. ఇదుగో." కరీమున్ ఉలి తీసి ద్వారబంధం మీది సున్నం గీకేసింది. నున్నగా దాచుకున్న పగులు జానెడు పొడుగున బయటపడింది. "ఇది నా మొదటి తప్పు. పేరయ్యగారు బిగిస్తే ఈ పగులు వచ్చేదా?"

"నువ్వు పగలగొట్టావు, ఆయన బాగుచేశాడు." ఆవిడ గొంతులో నవ్వు పోయింది. "ఇదుగో, పేరయ్య చెయ్యి పడిందని పత్తి తెచ్చా. కాదంటే బండి తిప్పుకుపోతా. సరిగ్గా చెప్పు, ఎవరు బిగించారు?"

ఆదాం భుజం మీది బోరెం దించకుండా నిలబడ్డాడు. శీతాకాలం మొత్తం ఆ భుజం మీదే ఉంది.

కరీమున్ లోపలికి వెళ్లింది. పెట్టె తెచ్చి గడప దగ్గర పెట్టింది. అరలోంచి తిరుపుళి తీసి కిందిబందు మరమేకులు ఒక్కొక్కటే ఊడదీసి, కొంగున మూట కట్టుకుంది. తర్వాత పైబందు. రెక్క ఆమె మీదికి ఒరిగింది, ఒంటిచేత్తో ఆపింది. బుడాన్ ఒక్క క్షణం గోడకు ఆనుకుని చూశాడు. ఆ తర్వాత వచ్చి, ఎవరూ పిలవకుండానే, రెక్క కింద భుజం పెట్టాడు. తలుపు వీధిలోకి వచ్చింది. ఇల్లు మళ్లీ నోరు తెరుచుకుంది.

"ఇప్పుడు లేదు కదండీ తలుపు," అంది కరీమున్. "చూస్తూ ఉండండి."

చూశారు. వీధిలో నవ్విన వాళ్లే మళ్లీ పోగయ్యారు. ఈసారి వాళ్లకు నవ్వడానికి ఏమీ దొరకలేదు. నూనె రాసి, గాట్లో తిరుపుళి పెట్టి, తిప్పి, మణికట్టు మార్చి మళ్లీ తిప్పి, ఆఖరి మేకు తల బందులో కూచునేసరికి ఎండ పంచలోంచి వీధిలోకి జరిగింది. మధ్యలో ఒకసారి ఆదాం బోరేన్ని నేల మీద దించుకున్నాడు. ఆవిడ అతన్ని ఏమీ అనలేదు.

వెంకటరావమ్మ దగ్గరికి వచ్చి తలుపు తోసింది, లాగింది, గడియ వేసి తీసింది. బాగుందని అనలేదు. అలాంటి మాటలు ఆ ఇళ్లల్లో మేర ఉన్నవాళ్లకే కొలుస్తారు. "లోపల పెట్టరా" అని మాత్రం అంది. బండి కదిలేముందు వెనక్కి తిరిగి, మాట తేలిక చేసి అడిగింది.

"మా భోషాణం మూత బందు ఊగుతోందే. పేరయ్య నాలుగు రోజుల్నించి రేపు, రేపంటున్నాడు. సాయంత్రం ఆ పెట్టె తీసుకుని ఒకసారి వచ్చి పో."

"మేర కొలుస్తారా అమ్మగారూ?"

"ఏంటీ?"

"మేర. కళ్లంలో, పేరయ్యగారి పక్కన నిలబడి పట్టుకుంటా."

"ఆడదానికి మేరేంటే! ఎక్కడన్నా ఉందా?"

"లేదు. ఉంటే అడగను కదండీ."

"మా ఆయన్ని అడగాలి అయితే."

"అడగండి. ఒప్పుకుంటే కబురు చెయ్యండి. తీరికుంటే వస్తా."

ఆ కబురు రాలేదు. ఆరేళ్లు గడిచినా రాలేదు. వెంకటరావమ్మగారి భోషాణం మూత పేరయ్య తీరిక కోసం అలా ఊగుతూనే ఉంది. కాని ఆ ఊళ్లో మేర లేని ఇళ్లు యాభై పైచిలుకు. వాటి తలుపులకూ బందులుంటాయి, బందులన్నాక ఊడుతుంటాయి. నూనె మరకల చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని ఆమె వీధిలో పోతుంటే, ఎవరో ఒకరు ఇప్పటికీ వెనక నుంచి "మరమేకూ!" అని కేకేస్తారు. వెక్కిరించడానికి కేకేశారో, పనికి పిలిచారో కరీమున్ ఆరా తియ్యదు.

తిరిగి చూసి, "ఎవరింట్లో?" అని అడుగుతుంది.